నీటిని వదిలించుకునే విమానం

2024 నవంబరు 9న విజయవాడ పున్నమి ఘాట్ దగ్గర కృష్ణా నది మీంచి ఒక ట్విన్ ఆటర్ విమానం లేచి శ్రీశైలం వెళ్ళింది. ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు అందులో ప్రయాణించారు. ఆ ప్రదర్శన వీడియోలు చూసినవాళ్ళలో చాలామందికి విమానం గాల్లోకి లేచిన క్షణమే గుర్తుంటుంది. మోడల్ విమానాలు కట్టేవాళ్ళు మాత్రం అంతకు ముందు భాగాన్ని వెనక్కి తిప్పి మళ్ళీ మళ్ళీ చూస్తారు. ముక్కు పైకెత్తి, తెల్లటి నురగ లేపుతూ, అడుగున ఉన్న ఫ్లోట్లు నీళ్ళలో దిగబడి, విమానం భారంగా కదులుతుంది. ఉన్నట్టుండి నురగ తగ్గుతుంది, ఫ్లోట్లు నీటి పైపొర మీదకు వచ్చి జారడం మొదలుపెడతాయి. ఎగరడం ఆ తర్వాతి సంగతి. ఆ జారుడు రాకపోతే ఎంత ఇంజనున్నా అది పడవే.

రిమోట్ విమానం కట్టడం హైదరాబాదుకు కొత్త కాదు. ఎన్‌సీసీ ఎయిర్ వింగ్ పిల్లలు, ఇంజినీరింగ్ కాలేజీ బృందాలు, మాదాపూర్, కొండాపూర్ ఫ్లాట్లలో వారాంతాల్లో థర్మాకోల్ పొడి ఇల్లంతా చల్లుకునే ఉద్యోగులు కడుతూనే ఉన్నారు. నీటి మీంచి లేపేవాళ్ళు తక్కువ. రన్‌వే మీంచి లేచే మోడల్‌కు రెండు ఫ్లోట్లు తగిలిస్తే సరిపోతుందనుకుని మొదలుపెట్టి, చెరువులో చక్కర్లు కొట్టించి తిరిగొచ్చేవాళ్ళే ఎక్కువ. నేల చక్రాన్ని పట్టి ఉంచదు. నీరు ఫ్లోట్‌ను పట్టి ఉంచుతుంది. నీటి విమానం తయారీలో ప్రతి కొలతా ఆ పట్టు వదిలించడానికే.

పట్టు ఎలా ఉంటుందో వంటింట్లోనే చూడొచ్చు. కుళాయి సన్నగా తిప్పి, ఆ ధారకు చెంచా వీపు ఆనించండి. ధార చెంచా వంపును అంటిపెట్టుకుని పక్కకు తిరుగుతుంది, చెంచాను తన వైపు లాక్కుంటుంది కూడా. ఫ్లోట్ అడుగు ముక్కు నుంచి తోక దాకా నున్నటి వంపుగా ఉంటే జరిగేది ఇదే. వేగం పెరిగే కొద్దీ నీరు వెనక వంపును పట్టుకుని తోకను కిందికి పీలుస్తుంది, ముక్కు ఇంకా పైకి లేస్తుంది, విమానం ముందుకు పోలేదు. అడుగు మధ్యలో ఒక్కసారిగా సెంటీమీటరు లోతున తెగ్గొట్టి మెట్టు పెడితే, ఆ అంచు దగ్గర నీరు విడిపోతుంది, వెనక ఖాళీలోకి గాలి చొరబడుతుంది. ఇక ముందు సగం మాత్రమే నీటిని తాకుతుంది. ఫ్రాన్స్‌లో ఆన్రీ ఫాబ్ర్ 1910 మార్చి 28న మొదటిసారి నీటి మీంచి విమానాన్ని లేపాడు. అమెరికాలో గ్లెన్ కర్టిస్ 1912లో కట్టిన పడవ విమానానికి అడుగున మెట్టు పెట్టాకే అది నీటిని తేలిగ్గా వదిలింది. అప్పటి నుంచి దాదాపు నీటి విమానాలన్నిటికీ, మన కృష్ణలో దిగిన ట్విన్ ఆటర్ ఫ్లోట్లకు కూడా, ఆ మెట్టు ఉంది.

కాగితం మీద

మొదటి నీటి విమానానికి రెక్క పైన ఉండే ట్రైనర్ రకం ఎంచుకోండి. రెక్క తుంపరకు దూరంగా ఉంటుంది, విమానం కాస్త ఒరిగినా కొస నీళ్ళకు తగలదు. ఇక్కడ చెప్పే అంకెలన్నీ ఒక నమూనావి: రెక్కల చివరి నుంచి చివరికి 120 సెంటీమీటర్లు, రెక్క వెడల్పు 20, ప్రొపెల్లర్ నుంచి తోక దాకా 90 సెంటీమీటర్లు, ఫ్లోట్లతో బ్యాటరీతో కలిపి బరువు 1.2 కిలోలు. మీ విమానం వేరే సైజుదైతే నిష్పత్తులు పట్టుకోండి.

ఫ్లోట్ పొడవు విమానం పొడవులో మూడు వంతులు, అంటే 68 సెంటీమీటర్లు. వెడల్పు ఆరున్నర, మెట్టు దగ్గర ఎత్తు అయిదున్నర. ముక్కు, తోక దగ్గర తరుగు పోగా ఒక్కో ఫ్లోట్ ఘనపరిమాణం సుమారు 1.3 లీటర్లు వస్తుంది. రెండూ కలిపితే విమానం బరువుకు రెట్టింపు కన్నా కాస్త ఎక్కువ నీటిని తొలగించగలవు. ఇది దుబారా కాదు. విమానం పక్కకు ఒరిగి ఒక్క ఫ్లోట్ మీదే బరువంతా పడ్డా మునగకూడదు కదా. అలాగని మూడు రెట్లకు వెళ్ళొద్దు, గాల్లో ఆ పెద్ద ఫ్లోట్లను మోయడానికే మోటారు శక్తి సరిపోతుంది.

అన్నిటికన్నా ముఖ్యమైన కొలత మెట్టు ఎక్కడ రావాలన్నది. ముందు విమానం బరువు కేంద్రం గుర్తు పెట్టాలి. ఈ నమూనాలో అది రెక్క ముందంచుకు అయిదున్నర, ఆరు సెంటీమీటర్ల వెనక. ఆ గీత నుంచి నిలువుగా కిందికి దిగి, ఒక సెంటీమీటరు వెనక్కి జరిగిన చోట మెట్టు అంచు రావాలి. మెట్టు మరీ వెనక్కి పోతే విమానం ముక్కెత్తడానికి నిరాకరిస్తుంది, తోకలోని ఎలివేటర్ ఎంత లాగినా నీటి మీద పరిగెడుతూనే ఉంటుంది. మరీ ముందుకొస్తే తోక మీద కూలబడుతుంది, లేదా ముక్కు పైకీ కిందికీ ఊగుతూ గంతులు వేస్తుంది. ఫ్లోట్ ముక్కు ప్రొపెల్లర్ కన్నా అయిదు సెంటీమీటర్లు ముందుకు పొడుచుకు రావాలి. అలా పెడితే మెట్టు ఇంచుమించు ఫ్లోట్ సగంలోనే పడుతుంది.

మెట్టు వెనక భాగం ఆరేడు డిగ్రీల వాలుతో పైకి లేవాలి. ముందు భాగం అడుగు చదునుగా ఉన్నా ఈ సైజు మోడల్ లేస్తుంది, కానీ దిగేటప్పుడు చప్పుడు చేస్తూ గట్టిగా కొట్టుకుంటుంది. మధ్య గీత దగ్గర అర సెంటీమీటరు లోతుగా ఉండేలా అడుగును వి ఆకారంలో చెక్కితే ఆ దెబ్బ తగ్గుతుంది. రెండు ఫ్లోట్ల మధ్య ఎడం రెక్కల పొడవులో నాలుగో వంతు, అంటే 30 సెంటీమీటర్లు.

ఇంకొక్కటి, చాలామంది వదిలేసేది: ఫ్లోట్ పైభాగంతో పోలిస్తే రెక్క రెండు మూడు డిగ్రీలు పైకి చూస్తూ ఉండాలి. ఫ్లోట్లు నీటి మీద చదునుగా జారుతున్నప్పుడే రెక్క తన పని మొదలుపెట్టాలి. రెండూ సమాంతరంగా బిగిస్తే రెక్కకు కోణం రావడానికి ఎలివేటర్ లాగాలి, లాగితే ఫ్లోట్ తోకలు నీళ్ళలో దిగుతాయి, వదిలించుకున్న నీటిని మళ్ళీ తగిలించుకున్నట్టే. ఫోన్‌లో ఉండే లెవెల్ యాప్‌తో ఈ కోణం చూసుకోవచ్చు.

కోత, పూత

మామూలు తెల్ల థర్మాకోల్ గింజలు గింజలుగా రాలుతుంది, ఫ్లోట్లకు పనికిరాదు. ఇళ్ళ పైకప్పులకు వేడి తగలకుండా వేసే గట్టి ఎక్స్‌పీఎస్ షీట్, లేదా కాలేజీ బృందాలు బయోఫోమ్ అని పిలిచే దిమ్మె తీసుకోండి. విమానం ఒంటికి సన్‌ప్యాక్ షీట్ చాలు. పీజీ హాస్టళ్ళ ప్రకటనలతో మాదాపూర్ కరెంటు స్తంభాలకు వేలాడేది అదే, స్టూడెంట్లు కోరో షీట్ అంటారు. నీళ్ళకు చెడదు, చవక. స్తంభాలకున్నవి విప్పుకోమని నేను చెప్పడం లేదు, ఫ్లెక్స్ కొట్టేవాళ్ళ దగ్గర కొత్త షీటే దొరుకుతుంది.

దిమ్మె కోయడానికి నైక్రోమ్ తీగ, 12 వోల్టుల సప్లై, తీగను లాగి పట్టే చెక్క విల్లు కావాలి. ఫ్లోట్ పక్క ఆకారాన్ని సన్మైకా ముక్క మీదో పల్చటి ప్లైవుడ్ మీదో గీసి రెండు అచ్చులు కోసి, దిమ్మెకు రెండు వైపులా గుచ్చి, వేడి తీగను అచ్చుల అంచుల వెంట నెమ్మదిగా లాగాలి. రెండు అచ్చులూ ఒకేలా ఉండటం ముఖ్యం. లేజర్ కటింగ్ అందుబాటులో ఉంటే అచ్చులకు అదే మేలు. 2023 మార్చిలో రాయదుర్గంలో మొదలైన టీ-వర్క్స్ ఇలాంటి నమూనాలు చేసుకునేవాళ్ళ కోసం పెట్టిందే. అచ్చులు కోయడానికి అంత హంగామా ఎందుకనుకుంటే, హ్యాక్సా బ్లేడుతో కూడా ఆ పని అవుతుంది. తీగతో కోసేటప్పుడు వచ్చే పొగ మంచిది కాదు, బాల్కనీలో పెట్టుకోండి. బాల్కనీలో పెడితే పక్క ఫ్లాట్ వాళ్ళు అడుగుతారు, అది వేరే సంగతి.

కోత అయ్యాక సాండ్‌పేపర్ పట్టుకుంటే చేతికి దురద మొదలవుతుంది, అన్ని మూలలూ గుండ్రం చేసేయాలనిపిస్తుంది. పైభాగం అంచులు గుండ్రం చేసుకోండి. అడుగు అంచులు, మెట్టు అంచు, ఫ్లోట్ తోక చివర మాత్రం ముట్టుకోవద్దు. అవి ఎంత పదునుగా ఉంటే నీరు అంత శుభ్రంగా విడిపోతుంది. ఫోమ్ అంచు పదునుగా ఎక్కువ కాలం నిలవదు కాబట్టి మెట్టు దగ్గర గట్టి ప్లాస్టిక్ పట్టీ అంటించాలి. గడువు తీరిన బ్యాంకు కార్డు దీనికి సరిగ్గా సరిపోతుంది, ఎనిమిదిన్నర సెంటీమీటర్ల పొడవుంటుంది, మనకు కావాల్సింది ఆరున్నర. ఆఫీసు యాక్సెస్ కార్డు కూడా అంతే సైజు, కానీ ఉద్యోగం మానేసేటప్పుడు అడుగుతారు.

జిగుర్ల దగ్గర జాగ్రత్త. ఫెవిక్విక్, ఫెవిబాండ్ లాంటివి ఈ ఫోమ్‌ను తినేస్తాయి. ఫైబర్ బాత్‌టబ్బులకు వాడే పాలియెస్టర్ రెజిన్ పోస్తే దిమ్మె కళ్ళముందే కరిగిపోతుంది. ఆరల్డైట్ లాంటి ఎపాక్సీ ఏమీ చేయదు. చదరపు మీటరుకు 25 గ్రాముల పల్చటి గ్లాస్ క్లాత్ పరిచి, ఎపాక్సీ పోసి, పాత ఏటీఎం కార్డుతో గీకి గీకి మిగులంతా తీసేయాలి. గుడ్డ నేత పైకి కనిపించేటంత పల్చగా ఉండాలి. మెరుపు కోసం రెండో పూత వేస్తే బరువు తప్ప ఏమీ రాదు. ఈ పని ఓపిక లేదంటే బ్రౌన్ టేప్ చుట్టి మొదటి సీజన్ గడిపేయొచ్చు. టేప్ అంచులు ముందు నుంచి వెనక్కి, పెంకుల్లా ఒకదాని మీద ఒకటి వచ్చేలా అంటించాలి, లేకపోతే నీటి వేగానికి ఊడొస్తాయి.

బోలుగా బాల్సా చెక్కతో ఫ్లోట్లు కట్టేవాళ్ళున్నారు, అందంగా ఉంటాయి. మన ఎండల్లో వాటికో చిక్కు ఉంది. కట్ట మీద పెట్టినప్పుడు లోపలి గాలి వేడెక్కి వ్యాకోచిస్తుంది. చల్లటి నీళ్ళలో దింపగానే కుంచించుకుపోయి, వెంట్రుక వాసి పగులున్నా దాని గుండా నీటిని లోపలికి పీలుస్తుంది. లోపల ఫోమ్ నిండి ఉంటే ఈ బాధ చాలా తక్కువ.

కాళ్ళు, తోక

ఫ్లోట్లను విమానానికి కలిపే కాళ్ళు 3 మిల్లీమీటర్ల పియానో వైరుతో వంచాలి. ఫోమ్‌లో గట్టి చెక్క ముక్కలు ఎపాక్సీతో పొదిగి, వాటిలో గాడి తీసి, వైరు కూర్చోబెట్టి, ప్లాస్టిక్ క్లిప్పులు స్క్రూలతో బిగించాలి. ముందొక జత, వెనకొక జత, రెండు ఫ్లోట్లనూ కలుపుతూ అడ్డంగా రెండు కడ్డీలు. బిగించాక పైనుంచి చూస్తే ఫ్లోట్లు సమాంతరంగా ఉండాలి. ఒకటి లోపలికి తిరిగి ఉంటే విమానం నీటి మీద నిటారుగా పోదు.

ఫ్లోట్ల ముక్కులు బరువు కేంద్రానికి ముందు చాలా దూరం సాగి ఉంటాయి కాబట్టి గాల్లో విమానం పక్కలకు తిరగడంలో స్థిరత్వం తగ్గుతుంది. తోక కింద ఒక చిన్న ఫిన్ అదనంగా అంటిస్తే సర్దుకుంటుంది. ఒక ఫ్లోట్ వెనక చిన్న నీటి చుక్కాని కావాలి. విమానం రడ్డర్‌కు గాలి వేగం ఉంటేనే పట్టు, నెమ్మదిగా పోయేటప్పుడు తిరగాలంటే నీళ్ళలో ఉన్నదే దిక్కు. పల్చటి అల్యూమినియం రేకు, ఒక సన్నటి తీగ, రడ్డర్ సర్వోకే కలిపేయొచ్చు.

ఇవన్నీ తగిలించాక బరువు కేంద్రం మళ్ళీ చూడాలి. ఫ్లోట్లు దాన్ని జరుపుతాయి. బ్యాటరీని ముందుకో వెనక్కో నెట్టి సరిచేయాలి తప్ప మెట్టును కాదు.

శక్తి, తడి

నేల మీంచి లేచే ట్రైనర్‌కు కిలోకు 150 వాట్లు చాలు. నీటి మీంచి అయితే 250 వాట్లు పెట్టుకోండి. ఈ విమానానికి 300 వాట్లు కావాలి. 3ఎస్ లిపో బ్యాటరీ, అంటే 11.1 వోల్టులు, 2200 ఎంఏహెచ్. దాని మీద 27, 28 ఆంపియర్లు లాగే వెయ్యి కేవీ (వోల్టుకు నిమిషానికి వెయ్యి చుట్లు) దరిదాపు బ్రష్‌లెస్ మోటారు, 10 అంగుళాల ప్రొపెల్లర్, మోటారు వేగాన్ని అదుపు చేసే 40 ఆంపియర్ల ఈఎస్‌సీ. హైదరాబాదు సముద్ర మట్టానికి 500 మీటర్లకు పైన ఉంది. చెన్నై తీరంతో పోలిస్తే గాలి కాస్త పలచన, ఏప్రిల్ మధ్యాహ్నం ఇంకా పలచన. ఈ విమానానికి గాల్లో నిలబడే కనీస వేగం గంటకు 30 కిలోమీటర్ల చుట్టుపక్కల. ఆ వేగం వచ్చేలోపే చెరువు అయిపోకూడదంటే మోటారు దగ్గర పిసినారితనం వద్దు. తీగలు, కనెక్టర్లు, ష్రింక్ ట్యూబుల కోసం కోఠి గుజరాతీ గల్లీలో ఓ గంట తిరిగితే సరిపోతుంది. విదేశాల నుంచి పూర్తి డ్రోన్లు తెప్పించడాన్ని 2022 ఫిబ్రవరిలో కేంద్రం నిషేధించినా విడిభాగాలకు అడ్డు చెప్పలేదు.

బ్రష్‌లెస్ మోటారు తీగ చుట్లకు పూత ఉంటుంది కాబట్టి మంచినీళ్ళలో మునిగినా వెంటనే చెడదు, తుప్పు పట్టేవి బేరింగులే. ప్రమాదం రిసీవర్‌కు. దాన్ని మామూలు బెలూన్లోకి దూర్చి, తీగలు బయటకొచ్చే మూతి దగ్గర జిప్ టై బిగించండి. ప్లగ్గుల్లో వాజిలిన్ రాయండి. సర్వోల తిరిగే ఇరుసు దగ్గర గ్రీజు చుక్క. ఈఎస్‌సీని మాత్రం మూసిపెట్టొద్దు, వేడెక్కుతుంది. గాలి తగిలే చోట, తుంపర తగలని ఎత్తున పెట్టాలి.

యాంటెన్నా ఎత్తు కూడా చూసుకోవాలి. 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలు నీటికి ఆనుకుని ఎక్కువ దూరం పోవు. విమానం గాల్లో ఉన్నప్పుడు అర కిలోమీటరు అందే సిగ్నల్ నీటి మీద కూర్చున్నాక వంద మీటర్లకే తడబడొచ్చు. యాంటెన్నా కొసను తోక నిలువు ఫిన్ లోపలికి పైకి లాగి అంటించండి. సిగ్నల్ పోతే మోటారు ఆగిపోయేలా ఫెయిల్‌సేఫ్ పెట్టి, ఒడ్డున ఒకసారి ట్రాన్స్‌మిటర్ ఆపి చూసుకోవాలి. అలాగే స్విచ్ ఒక్కటి నొక్కితే మోటారు తిరగకుండా ఉండే ఏర్పాటు. మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి విమానం పట్టుకున్నవాడి చేతికి పది అంగుళాల ప్రొపెల్లర్ తగిలితే అక్కడ కుట్లు వేసేవాళ్ళు ఉండరు.

మొదటి తడి పరీక్షకు చెరువు దాకా పోనక్కర్లేదు. అపార్ట్‌మెంట్ ఈతకొలను చాలు, పిల్లల ఈతలు మొదలవకముందు, సెక్యూరిటీ అన్నకు ముందే చెప్పి. అసోసియేషన్ వాట్సాప్ గ్రూపులో ఫోటో రావడం ఎలాగూ తప్పదు. కొలనులో చూడాల్సింది నీటి గీత. విమానం నిలకడగా తేలాలి, ఫ్లోట్ తోకల పైభాగం నీళ్ళకు పైనుండాలి, రెక్క కొసను వేలితో నొక్కి వదిలితే మళ్ళీ లేవాలి. అరగంట అలాగే వదిలేసి, తీసి తూకం వేయండి, పెరిగితే ఎక్కడో నీరు దూరినట్టే.

ఏ నీళ్ళు?

హైటెక్ సిటీలో నీళ్ళంటే దుర్గం చెరువే ముందు గుర్తొస్తుంది. దాని మీద ఆశ పెట్టుకోవద్దు. 2020 సెప్టెంబరులో తెరిచిన తీగల వంతెన, దాని మీద ఎప్పుడూ ఆగని జనం, కింద పడవలు, ఒడ్డంతా ఇళ్ళు, ఆఫీసులు. కిలోకు పైబడిన బరువుతో గంటకు యాభై కిలోమీటర్ల వేగంతో పోయే వస్తువును అక్కడ ఎగరేయడం బుద్ధి తక్కువ. ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ తాగునీటి జలాశయాలు, వాటి జోలికి వెళ్ళకూడదు. 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించిన అమీన్‌పూర్ చెరువు పక్షులది.

పైన ఆకాశం కూడా మనది కాదు. 2008 మార్చిలో పౌర విమానాలు శంషాబాద్ వెళ్ళిపోయినా బేగంపేట విమానాశ్రయం మూతపడలేదు. ఉత్తరాన దుండిగల్ ఎయిర్ ఫోర్స్ అకాడమీ, ఈశాన్యాన హకీంపేట ఎయిర్ ఫోర్స్ స్టేషన్, దక్షిణాన శంషాబాద్. 2021 ఆగస్టులో వచ్చిన డ్రోన్ నియమాల్లో 25 కిలోల లోపు ఉండి, సరదాకో చదువుకో పరిశోధనకో, కంటికి కనిపించే దూరంలోనే నడిపే విమానానికి మోడల్ అనే తరగతి ఉంది. దానికి టైప్ సర్టిఫికెట్ అడగరు. మన 1.2 కిలోలది మైక్రో తరగతి, వ్యాపారం కోసం కాకపోతే పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు. గ్రీన్ జోన్‌లో 400 అడుగుల ఎత్తు దాకా, విమానాశ్రయ ప్రహరీకి 8 నుంచి 12 కిలోమీటర్ల మధ్య అయితే 200 అడుగుల దాకా ఎగరొచ్చు. బయల్దేరేముందు ప్రభుత్వ డిజిటల్ స్కై వెబ్‌సైటు పటంలో ఆ చెరువు ఏ రంగులో ఉందో చూడాలి, పోలీసు కమిషనరేట్ నిషేధాజ్ఞలేమైనా ఉన్నాయేమో కూడా కనుక్కోవాలి.

ఇవన్నీ కలిపితే ఔటర్ రింగ్ రోడ్డు దాటాల్సిందే. శంకర్‌పల్లి, చేవెళ్ళ వైపు ఊరి చెరువులు నయం. చెరువులో నీళ్ళు ఎవరివైనా చేపలు మత్స్యకార సంఘానివి. ముందు వాళ్ళతో మాట్లాడాలి. ఇది మర్యాద కోసం మాత్రమే కాదు. ఎక్కడ వలలు కట్టారో, ఎక్కడ పూడిక తీసిన గుంతలున్నాయో, ఏ మూల గుర్రపుడెక్క అల్లుకుందో వాళ్ళకే తెలుసు. వల తాడు ఫ్లోట్ల మధ్య పడితే విమానం బోర్లా పడటం ఖాయం. విమానాన్ని చూసి “గిది నీళ్ళల్లకెళ్ళి లేస్తదా సారూ?” అని అడిగే అన్నతోనే ముందుగా ఇంకో ఒప్పందం కుదుర్చుకోవాలి. మోటారు ఆగి విమానం నడిచెరువులో ఉండిపోతే తెచ్చేది ఆయన తెప్ప. అది మామూలు థర్మాకోల్‌దే అయినా, మన ఫ్లోట్ల కన్నా ఎన్నో ఏళ్ళుగా పరీక్షకు నిలిచింది. ఈదుకుంటూ వెళ్ళడం అనే ఆలోచనే రానివ్వొద్దు. మట్టి తవ్విన గుంతల్లో, క్వారీ నీళ్ళల్లో ఈత వచ్చినవాళ్ళే పోతున్నారు.

కాలం కూడా చూసుకోవాలి. సెప్టెంబరుకు చెరువులు నిండి మత్తడి దూకుతుంటాయి, కానీ వినాయక నిమజ్జనం అయిన చెరువుల్లో కొన్నాళ్ళు ఇనుప చువ్వలు, కర్రలు ఉంటాయి. నవంబరు, డిసెంబరు ఉదయాలు అన్నిటికన్నా బాగుంటాయి. జనవరిలో సంక్రాంతి పతంగుల మాంజా ప్రొపెల్లర్‌కూ తోకకూ చుట్టుకుంటుంది. మార్చి దాటితే నీరు వెనక్కి తగ్గి, ఒడ్డుకూ నీటికీ మధ్య మోకాలి లోతు ఒండ్రు మిగులుతుంది.

లేపడం

నీళ్ళలో వదిలి కాసేపు మోటారు ఆపి చూడండి. విమానం తనంతట తానే గాలికి ఎదురు తిరుగుతుంది. అదే మీ రన్‌వే దిశ. ఎలివేటర్ పూర్తిగా లాగి పట్టుకుని థ్రాటిల్ రెండు మూడు క్షణాల వ్యవధిలో నెమ్మదిగా పూర్తిగా తెరవాలి. ఒక్కసారి తెరిస్తే ప్రొపెల్లర్ మెలికకు ఎడమ ఫ్లోట్ దిగబడి విమానం పక్కకు లాగుతుంది. ముక్కు లేస్తుంది, నురగ లేస్తుంది, వేగం మాత్రం పెరగనట్టు అనిపిస్తుంది. చాలామంది ఇక్కడే భయపడి ఇంకా గట్టిగా లాగుతారు. చేయాల్సింది దానికి వ్యతిరేకం. ఎలివేటర్‌ను మెల్లగా వదలాలి. ముక్కు దిగి, ఫ్లోట్లు నీటి పైకి వచ్చి, మెట్టు మీద జారడం మొదలవుతుంది. నీటి చప్పుడు కూడా మారుతుంది, దబదబ పోయి సన్నటి చీల్పు వినిపిస్తుంది. ఇక ఏమీ చేయకండి. వేగం చేరాక ఎలివేటర్ కొద్దిగా తాకితే చాలు, లేస్తుంది. జారుతుండగా ముక్కు గంతులు మొదలైతే థ్రాటిల్ మూసేసి మళ్ళీ మొదటి నుంచి.

గాలి లేని ఉదయం అద్దంలాంటి నీళ్ళు అందంగా ఉంటాయి కానీ పట్టు వదలవు. చిన్న చిన్న అలలుంటే వాటి సందుల్లోంచి ఫ్లోట్ కిందికి గాలి దూరుతుంది. నీరు కదలకుండా ఉంటే విమానాన్ని ఓ చక్కరు తిప్పి, అది లేపిన అలల మీదుగానే మళ్ళీ పరుగు తీయించాలి. పెద్ద నీటి విమానాల పైలట్లూ ఇదే చేస్తారు.

దిగడం దీనికన్నా తేలిక. గాలికి ఎదురుగా, దూరం నుంచి, తక్కువ ఎత్తులో రావాలి. ఫ్లోట్లు గాలికి అడ్డం కాబట్టి థ్రాటిల్ మూస్తే విమానం అనుకున్న దానికన్నా ముందే దబ్బున పడుతుంది. నీళ్ళు తాకేదాకా కొంచెం మోటారు తిరుగుతూ ఉండాలి, ముక్కు కొద్దిగా పైకి చూస్తూ ఉండాలి. తాకాక వేగం తగ్గేదాకా తిప్పొద్దు. వేగంలో తిప్పితే బయటి వైపు ఫ్లోట్ ముక్కు నీళ్ళలో గుచ్చుకుని రెక్క తిరగబడుతుంది. మొదటి రోజున నాలుగైదు నిమిషాలకు టైమర్ పెట్టుకోండి. బ్యాటరీ మిగిలి ఉండగా దింపితే విమానం తనంతట ఒడ్డుకు వస్తుంది, లేకపోతే తెప్ప అన్నను పిలవాలి.

ఇంటికొచ్చాక మూతలన్నీ తీసి ఫ్యాను కింద పెట్టాలి. బ్యాటరీ ఒక్కో సెల్ 3.8 వోల్టుల దగ్గర ఉంచి భద్రపరచాలి. మోటారు బేరింగుల్లో చుక్క నూనె. ఆ తర్వాత ఫ్లోట్లు విప్పి, పైతడి తుడిచి, వంటింటి త్రాసు మీద ఒక్కోటిగా పెట్టండి. కొత్తప్పుడు వేసిన తూకం వాటి పైభాగాన పెన్నుతో రాసి ఉండాలి. అయిదు గ్రాములు పెరిగిందంటే ఎక్కడో నీరు దూరింది, చాలాసార్లు మెట్టు మూల దగ్గరే. ఆరేదాకా ఆగి, అక్కడ ఎపాక్సీ పూసి, మళ్ళీ తూకం వేసి, పాత అంకె వచ్చాకే తర్వాతి ఆదివారానికి బ్యాటరీ ఛార్జింగ్ పెట్టండి.